ముందు రోజు చర్మం

గౌరీశ్వరికి ఆపరేషన్ అయిన అయిదో రోజున పక్క వాటా సుభద్రగారు బత్తాయి రసం పట్టుకుని పరామర్శకు వచ్చింది. వచ్చీ రాగానే, "గాల్‌బ్లాడర్లో రాళ్లు ఎన్ని తీశారమ్మా?" అని అడిగింది.

గౌరీశ్వరి తెల్లబోయింది. అబద్ధం ఆడాలని ముందే అనుకున్నారు గానీ రాళ్ల లెక్క దాకా ఎవరూ ఆలోచించలేదు. నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు సన్యాసమ్మ తలైనా ఎత్తకుండా, "మూడమ్మా. అందులో ఒకటి ఉసిరికాయంత ఉన్నాదట," అంది.

"అయ్యయ్యో, అంత రాయిని ఇన్నాళ్లూ ఎలా మోసిందో!" అని సుభద్రగారు నొచ్చుకుంది.

మోసిన మాట నిజమే. మోసింది మాత్రం రాయిని కాదు, రొమ్ముల్ని. పధ్నాలుగో ఏట మొదలైన ఆ బరువు ముప్పై ఎనిమిదో ఏటికి ఆమె భుజాల మీద వేలు పట్టేంత గాడులు కోసింది. విశాఖపట్నం ఉక్కపోతకు అడుగున చర్మం ఒరుసుకుపోయి ఏటా వేసవిలో పుండ్లు పడేవి. బస్సులో మగవాళ్ల చూపులు సరే సరి, పెళ్లిళ్లలో ఆడవాళ్ల వేళాకోళాలు అంతకన్నా ఎక్కువ. మన వాళ్లు రాయి తీయించుకున్నామని ఊరంతా చెప్పుకుంటారు, పన్ను పీకించుకుంటే చేతిలో పెట్టుకుని చూపిస్తారు. రొమ్ములు తగ్గించుకున్నానని మాత్రం నోరు విప్పకూడదట. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఇవన్నీ గౌరీశ్వరి భరించింది. భుజం మీది పట్టీ నరాన్ని నొక్కి కుడి చేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ మొద్దుబారడం మొదలైనప్పుడు మాత్రం భరించలేకపోయింది. ఆమె బతుకంతా ఆ వేళ్లలోనే ఉంది మరి.

యెండాడ దాటాక కొండవాలున ఉన్న కాలిన గాయాల పరిశోధనశాలలో ఆమె పన్నెండేళ్లుగా టెక్నీషియను. ఆ శాలలో తయారయ్యే వస్తువుకు కాగితాల మీద మూరెడు పేరుంది. అక్కడ పనిచేసే వాళ్లంతా దాన్ని మీగడ అంటారు. చూడ్డానికి అచ్చం కాచిన పాల మీద కట్టిన మీగడలాగే ఉంటుంది. రోగి ఒంటి మీద బాగున్న చోట నుంచి బియ్యపు గింజంత చర్మం తీసి, గోరువెచ్చని ద్రావణంలో వేస్తారు. దాన్ని తోడు అంటారు. పదకొండు రోజులకు ఆ ద్రావణం మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొరను చిరగకుండా ఎత్తి, గాయం మీద పరవాలి. దాన్ని చిరగకుండా ఎత్తగలిగిన చేతులు ఆ శాల మొత్తంలో రెండే ఉన్నాయి, ఆ రెండూ గౌరీశ్వరివే.

గాయం మానేటప్పుడు ఒళ్లు కంగారు పడుతుంది. చేతికి దొరికిందేదో పెట్టి చిరుగు కుట్టేస్తుంది, దాన్నే మనం మచ్చ అంటాం. మీగడ ఆ కంగారును ఆపుతుంది. ఇక్కడ ఒకప్పుడు చర్మం ఇలా ఉండేది, ఇంత మందాన ఉండేది, దాని కింద ఇంత కొవ్వు ఉండేది అని గాయపడ్డ చోటికి గుర్తు చేస్తుంది. ఒళ్లు బుద్ధిగా వింటుంది. కిందటేడు టపాకాయల మంటకు చెంప లోతుకు పోయిన ఒక టీచరమ్మకు చర్మంతో పాటు చెంప నిండుదనం కూడా తిరిగొచ్చింది. ఆ రోజు శాలలో అందరూ లడ్డూలు పంచుకున్నారు.

ఆపరేషన్ సంగతి చెప్పినప్పుడు సన్యాసమ్మ ఇంతెత్తున లేచింది. "దేవుడిచ్చిన వొంటిని కోయించుకుంతావేటే? నీకు మతి గానీ పోనాదా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కోడలు గ్యాస్ లైటరు నొక్కలేక నొక్కలేక, చివరికి దాన్ని గోడకు విసిరికొట్టి ఏడవడం చూసింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ అటక మీది సంచీ దింపి, ఆస్పత్రికి కావలసిన బట్టలు తనే సర్దింది. గౌరీశ్వరి భర్త రామినాయుడు రేవులో పూడిక తీసే డ్రెడ్జరు మీద ఫిట్టరు, నెలలో మూడు వారాలు నీటి మీదే ఉంటాడు. అతను ఫోన్లో, "నీకేది సుఖమైతే అదే చెయ్యి, మా అమ్మతో నే మాట్లాడతాను," అన్నాడు. మాట్లాడే అవసరం రాలేదు.

*

రెండు వైపులా కలిపి కిలోంబావు తీశారు.

మత్తు దిగాక గౌరీశ్వరి చేసిన మొదటి పని ఊపిరి పీల్చడం. ఊపిరి అందరూ పీలుస్తారు, అదేం గొప్ప అంటారేమో. వెల్లకిలా పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఇరవై నాలుగేళ్లు పీల్చిన మనిషి ఆమె. నొప్పి ఉంది, కుట్లు లాగుతున్నాయి, పక్కల నుంచి గొట్టాలు వేలాడుతున్నాయి. అయినా ఆ ఊపిరికి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు ఇంకా లాగాయి.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ రాజ్యం మొదలైంది. ఆరు వారాలు రాత్రింబవళ్లు బిగుతు బాడీ తీయకూడదు. తలగడలు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. చేతులు భుజాలకు పైకి లేపకూడదు, బిందె ఎత్తకూడదు. డాక్టరు చెప్పినవి ఇవి. తల దువ్వుకోకూడదు, చీపురు ముట్టుకోకూడదు, తుమ్ము వస్తే ముందే చెప్పాలి అన్నవి సన్యాసమ్మ కలిపినవి. కోడలికి తలంటి, జడ వేసి, అన్నం కలిపి పెట్టింది ఆవిడ. "సిన్నపిల్లయిపోనావే మళ్లీ," అని వెక్కిరించింది. వారం తిరిగేసరికి వేళ్లకు స్పర్శ వచ్చింది. గౌరీశ్వరి దుప్పటి అంచు చిటికెన వేలితో తడిమి తడిమి చూసుకుంది.

కట్లు విప్పిన రోజున మాత్రం అద్దం ముందు ఆమె ముఖం మాడిపోయింది. చనుమొనల చుట్టూ గుండ్రంగా ఒక గాటు, అక్కడి నుంచి కిందికి నిలువుగా ఒకటి, అడుగు మడతలో వంపుగా ఇంకొకటి. రెండు వైపులా అంతే. ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉన్నాయి. "ఏడాదికి పలచబడతాయి. సిలికాన్ పట్టీ వేసుకోండి, మూడు వారాలయ్యాక రోజుకు రెండుసార్లు పది నిమిషాలు మర్దనా చేసుకోండి, ఎండ తగలనివ్వకండి," అని సర్జన్ చెప్పింది. గౌరీశ్వరి తలూపింది గానీ మనసులో వేరే లెక్క ఉంది. ఊళ్లోవాళ్ల మచ్చలు మాపే మీగడ చేతిలో పెట్టుకుని ఏడాది ఎందుకు ఆగుతుంది?

ఆ ఏర్పాటు ఆపరేషన్‌కు ముందే జరిగిపోయింది. శాల పెద్ద డాక్టర్ జరీనా కొత్త ప్రయోగానికి అనుమతి తెచ్చింది. కాలిన గాయాల మీద పనిచేసినది కోత గాయాల మీద పనిచేస్తుందా లేదా చూడాలి. మొదటి మనిషిగా గౌరీశ్వరి తన పేరే ఇచ్చింది. ప్రతి రోగికీ నింపే పత్రంలో నాలుగో గడి ఇలా ఉంటుంది: ఆరోగ్యంగా ఉన్న చర్మం ఏ తేదీన తీసినది? గౌరీశ్వరి తన చేత్తోనే ఆపరేషన్ ముందు రోజు తేదీ రాసింది. ఆ రోజు పొద్దున్నే రొమ్ము మీద నుంచి బియ్యపు గింజంత చర్మం తీయించి తోడు వేసింది. పత్రం కింద జరీనా సంతకం పెట్టింది. పన్నెండేళ్లుగా అలవాటైన పని, ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగో వారంలో మీగడ పరిచారు. పొరను తనే ఎత్తి ఇచ్చినా, తన ఒంటి మీద తనే పరుచుకోలేదు కదా, అందుకని జరీనా పరుస్తుంటే గౌరీశ్వరి బల్ల మీద పడుకుని అజమాయిషీ చేసింది.

"అంచు మడత పడుతోంది మేడమ్."

"పడట్లేదు."

"పడుతోందండీ. ఎడమ చేతి పట్టకారు కాస్త దించండి."

"నువ్వు రోగివా, మేస్త్రీవా?" అని జరీనా విసుక్కుంది. గుంటూరు మనిషి, విసుగూ నవ్వూ ఒకే గొంతుతో వస్తాయి ఆవిడకు.

మూడు వారాలకు గాట్లు మాయమయ్యాయి. లేత పడటం కాదు, మాయమే. సన్యాసమ్మ కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుతురులో చూసి, "ఓలమ్మా! ఎక్కడ కోసినారో నాకే తెలవడం నేదే!" అంది. గౌరీశ్వరికి ఆనందం పట్టలేదు. ఇక ఎవరికీ తెలియదు. తను పడ్డ అవమానమంతా, చేయించుకున్న కోత అంతా, ఒంటి మీద ఎక్కడా రాసి లేదు. చెరువు అలల్లాగా అంతా సర్దుకుపోయిందనుకుంది.

*

మళ్లీ పనిలో చేరిన నెలకు ఒక శుక్రవారం పొద్దున ఆమె చేతిలోంచి పట్టకారు జారింది.

ఎవరికైనా జారుతుంది. గౌరీశ్వరి వంగి తీసుకుని, కడిగి, మళ్లీ పనిలో పడింది. మధ్యాహ్నం మళ్లీ జారింది. చిటికెన వేలిని బొటనవేలి గోటితో నొక్కి చూసుకుంది. నొక్కినట్టు కంటికి కనపడింది గానీ వేలికి తెలియలేదు.

ఇంటికి వెళ్లి తలుపేసుకుని బాడీ హుక్కులు చూసుకుంది. ఆపరేషన్ తర్వాత లోపలి వరుసకు పెట్టుకున్న హుక్కు వారం కిందట నడిమి వరుసకు వచ్చింది. ఇప్పుడు చివరి వరుసకు వస్తే గానీ ఊపిరాడడం లేదు. ఉప్పు ఎక్కువ తిన్నానేమో అనుకుంది. అత్తగారి చేతి నేతి వంటలు అనుకుంది. ఇంకో వారం చూద్దాం అనుకుంది. పాపం, పన్నెండేళ్లు ప్రయోగశాలలో పనిచేసిన మనిషి. ఎదుటివాళ్ల ఒంట్లో మిల్లీమీటరు తేడా వస్తే పట్టేసేది, తన ఒంటికి వచ్చేసరికి టేపు వెతకడం మానేసింది.

చెప్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. మీగడను కరిగించేస్తారు. కరిగిస్తే మచ్చలు తిరిగొస్తాయి, ఈసారి రెట్టింపు మొండిగా వస్తాయి. ప్రయోగాలన్నీ ఆపేస్తారు. అటు తొట్టిలో ఆదిలక్ష్మి మీగడకు తోడు వేసి ఒక్క రోజే అయింది. ఆదిలక్ష్మి హాస్టల్ మెస్సులో వంటమనిషి. కాగిన నూనె బాణలి ఒరిగి ఎడమ చెంపా మెడా కాలిపోయాయి. ఆరు నెలలుగా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే తిరుగుతోంది. గౌరీశ్వరి నోరు మూసుకోవడానికి ఆదిలక్ష్మి మంచి సాకుగా దొరికింది. నేను చెప్తే ఆవిడ చెంప ఏమైపోతుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అలా తొమ్మిది రోజులు గడిపింది.

పదో రోజు ఆదిలక్ష్మే వచ్చింది, కొలతలు ఇవ్వడానికి. కుర్చీలో కూర్చుని, కొంగు కాస్త పక్కకు తీసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, మీరు కూడా పెట్టించుకున్నారట కదా. నర్సమ్మ చెప్పింది. మీకేమీ ఇబ్బంది కాలేదు కదా?"

ఏమీ కాలేదు అనే మాట గౌరీశ్వరి నాలిక చివరికి వచ్చేసింది. చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆదిలక్ష్మి ఒక్క కన్ను, కొంగు చాటు లేనిది, ఆమె ముఖంలోకే చూస్తోంది. అబద్ధం చెప్తుందేమో అన్న అనుమానం ఆ కంటిలో లేదు. అదే గౌరీశ్వరికి తట్టుకోవడం కష్టమైంది.

"అయిందమ్మా," అంది. "అయింది. నువ్విక్కడే కూర్చో, ఇప్పుడే వస్తాను."

లేచి సరాసరి జరీనా గదిలోకి నడిచింది.

*

జరీనా టేపు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. కంప్యూటర్లో పాత కొలతలు తీసి పక్కన పెట్టుకుంది. తీసిన దాంట్లో మూడో వంతు తిరిగి వచ్చేసింది.

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"పది రోజులు మేడమ్."

జరీనా తిడుతుందనుకుంది గౌరీశ్వరి. తిడితే బాగుండుననుకుంది కూడా. ఆవిడ తిట్టలేదు. బీరువా తెరిచి గౌరీశ్వరి పత్రం తీసి, నాలుగో గడి మీద వేలు పెట్టింది.

"చూశావా? ఇది నీ రాత. ఆరోగ్యంగా ఉన్న చర్మం, ఆపరేషన్ ముందు రోజు. కింద సంతకం నాది." ఆవిడ కుర్చీలో కూలబడింది. "మన దగ్గరికి వచ్చేవాళ్లంతా కాలినవాళ్లు. వాళ్లకు నిన్నటి ఒళ్లే బాగున్న ఒళ్లు, దాన్ని తిరిగి ఇచ్చేస్తే చాలు. నీ నిన్నటి ఒళ్లు బాగాలేదనే కదా నువ్వు కోయించుకున్నది! అది నాకు తట్టలేదు. నలభై పేపర్లు రాసిన దాన్ని నేను, నాకే తట్టలేదు."

"నాకూ తట్టలేదండీ," అంది గౌరీశ్వరి. భుజాలు కోసుకుపోయి, వేళ్లు పడిపోయి, ఊపిరాడని ఆ శరీరానికి తన చేత్తో తనే ఆరోగ్యం అని రాసింది. ఎవరో చెప్తే రాయలేదు. ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ అంతా అదే చెప్పారు. అంత పెద్దగా ఉండటం భాగ్యమన్నారు, కోయించుకోవడం రోగమన్నారు. ఆమె కూడా నమ్మేసింది.

"మీగడ తప్పేం లేదు," అంది జరీనా. "ఏ తోడు వేస్తే ఆ పెరుగు. మనం అడిగిందే చేసింది. చర్మం ఒకప్పుడు ఎంత వెడల్పు ఉండేదో, కింద ఎంత బరువుండేదో గుర్తు చేసింది. ఒళ్లు వినేసింది." ఆవిడ కళ్లజోడు తీసింది. "ఇప్పుడు కరిగించేస్తే పెరగడం ఆగుతుంది. పెరిగిన దాంట్లో చాలా భాగం తగ్గిపోతుందనే అనుకుంటున్నాను. మచ్చలు మాత్రం వస్తాయి గౌరీ. రెండోసారి కదిలించిన గాయం కదా, తాళ్లలాగా లేస్తాయి. ఉంచుకుంటే మచ్చ ఉండదు. మూడు నెలల్లో పాత బరువు మొత్తం వచ్చేస్తుంది. నిర్ణయం నీది. రేపు చెప్పు. ప్రయోగం సంగతి మాత్రం నేను ఇవాళే పైకి రాస్తాను, అది నీ నెత్తిన వేసుకోకు."

ఆ సాయంత్రం సన్యాసమ్మ డాబా మీద వడియాలు తీస్తోంది. గౌరీశ్వరి పిట్టగోడకు ఆనుకుని కూర్చుని అంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది. ఉంచుకుంటే ఎవరికీ తెలియకుండా పోతుంది, తీసేస్తే జన్మంతా మచ్చలు మొయ్యాలి అంది.

సన్యాసమ్మ వడియాలు పళ్లెంలో పోసి, చేతులు దులుపుకుంది.

"ఎవులికి తెలవకుండా పోతాదే? ఎవులు సూత్తారు నీ వొంటిని? నువ్వు సూత్తావు, నా కొడుకు సూత్తాడు, సబ్బు రాసినప్పుడు నాను సూసినాను. మచ్చ సూడ్డానికి ముగ్గురుమే. బరువు మొయ్యడానికి మాత్రం నువ్వొక్కదానివే."

గౌరీశ్వరి కళ్లు తుడుచుకుంది.

"ఇంకో మాట," అంది సన్యాసమ్మ. "నానిక రాళ్ల కత సెప్పలేనే. మొన్న సుభద్ర ఆ ఉసిరికాయంత రాయిని ఓపాలి సూపించమన్నాది. దాచుకున్నారు కదా అంటాది! నాను యెక్కడి నుంచి తెచ్చీది రాయి?"

ఏడుస్తున్న మనిషికి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. మర్నాడు పొద్దున శాలకు వెళ్లే దారిలో సుభద్రగారి తలుపు కొట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సుభద్రగారు నోరు తెరుచుకుని విని, తన జాకెట్టు భుజం పక్కకు జరిపి, పట్టీ కోసిన గాడి చూపించింది. గౌరీశ్వరి గాడికన్నా అది లోతుగా ఉంది.

*

మీగడ కరిగించారు. జరీనా చెప్పినట్టే అయింది. పెరగడం ఆగి, మెల్లగా తగ్గింది. వేళ్లకు మళ్లీ స్పర్శ వచ్చింది. గాట్లు పడ్డ చోటల్లా ఎర్రటి తాళ్లు లేచాయి.

ప్రయోగాల మీద విచారణ అయిదు వారాలు నడిచింది. కాలిన గాయాలకు తోడు సరైనదేనని తేలాక ఆదిలక్ష్మికి అనుమతి ఇచ్చారు. పాత పొర పాడైపోయింది కాబట్టి మళ్లీ తోడు వేసి, మళ్లీ పదకొండు రోజులు ఆగాల్సి వచ్చింది. దాన్ని గౌరీశ్వరే ఎత్తి పరిచింది, అంచు ఎక్కడా మడత పడలేదు.

ఇంట్లో మాత్రం ఆమె తన మచ్చల్ని ముట్టుకునేది కాదు. మర్దనా వేళ అయితే గోడ వైపు తిరిగిపోయేది. సన్యాసమ్మ గడియ వేసి, వేళ్లకు కాస్త కొబ్బరి నూనె రాసుకుని, కోడల్ని కూర్చోబెట్టి తనే రుద్దేది. డాక్టరు చూపించినట్టే, రెండు వేళ్లతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, చర్మం పాలిపోయేంత నొక్కుతూ, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. రుద్దుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఎవరి కోడలు ఎవరితో పోట్లాడింది, ఎవరింట్లో గేదె ఈనింది. మర్దనా అయ్యాక సిలికాన్ పట్టీ అతికించి, "ఇయ్యాల కొంచెం మెత్తబడ్డాది," అనేది. నెలల తరబడి రోజూ అదే మాట. కొన్ని రోజులు అది నిజం కూడా.

మూడో నెలలో సన్యాసమ్మ చెల్లెలి మనవరాలి పెళ్లికి బొబ్బిలి వెళ్లింది. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ లేరు. మొదటి రోజు గౌరీశ్వరి మర్దనా ఎగ్గొట్టింది. రెండో రోజు దురద మొదలైంది. ఉండబట్టలేక చేయి వేసింది. గరుకుగా, వెచ్చగా, తన ఒంటిలో కొత్తగా వచ్చి కూర్చున్నదేదో తగిలినట్టుంది. తీసిన చేయి మళ్లీ వేసింది. ఆ పూట పది నిమిషాలు అనుకున్నది అరగంట రుద్దుకుంది. అత్తగారు తిరిగొచ్చి కొబ్బరి నూనె సీసా తీయబోతే, "నేను చేసుకుంటాను అత్తా, మీరు కబుర్లు చెప్పండి," అంది.

అలా రుద్దుకుంటున్న రోజుల్లోనే ఆమెకు ఆలోచన తట్టింది. శాలకు వెళ్లగానే జరీనాతో అంది.

"ఏ తోడు వేస్తే ఆ పెరుగు అన్నారు కదా మేడమ్. అయితే ఇప్పటి చర్మం తోడు వేద్దాం. ఈ మచ్చ అంచు నుంచే తీద్దాం."

జరీనా చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "మచ్చను తోడు వేస్తే మచ్చే వస్తుంది. అది పోదు."

"పోవద్దు. మెత్తబడితే చాలు. నా ఒళ్లు ఇంతే, ఇక్కడితో ఆగు అని దానికి తెలిస్తే చాలు."

"ఇన్నేళ్లూ మచ్చ పోగొట్టడానికే కదా మనం పనిచేసింది," అంది జరీనా. అని, టీ కప్పు పక్కన పెట్టి కొత్త పత్రం తీసింది. నాలుగో గడిలో అచ్చయి ఉన్న ఆరోగ్యంగా ఉన్న చర్మం అనే మాట కలంతో కొట్టేసి, మీరు ఉండాలనుకునే శరీరం అని రాసింది. ఆ మార్పుకు పైవాళ్లను ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది, అందులో జరీనా తల ప్రాణం తోకకొచ్చింది.

ఎనిమిదో నెలలో మీగడ పరిచారు. ఈసారి మాయ ఏమీ జరగలేదు. తాళ్లు వారం వారం దిగాయి. ఎరుపు గోధుమ రంగయింది. మూడు నెలలకు అవి చదునైన సన్నటి గీతలుగా నిలిచిపోయాయి, ఇక అంతకన్నా పోలేదు. టేపు పెట్టి కొలిస్తే ఒళ్లు మిల్లీమీటరు పెరగలేదు. జరీనా మూడు సార్లు కొలిచి, టేపు చుట్టి జేబులో పెట్టుకుని, గౌరీశ్వరిని గట్టిగా కావలించుకుంది. పన్నెండేళ్లలో ఆవిడ ఎవరినైనా కావలించుకోవడం అదే మొదటిసారి. ఆరు అడుగుల దూరంలో ఉన్న నర్సు ఆ సంగతి సాయంత్రం లోపల శాలంతా చెప్పేసింది.

*

కోత గాయాల విభాగం ఆ తర్వాతి ఏడాది తెరిచారు. వచ్చేవాళ్లకు సంగతంతా విడమరిచి చెప్పే పని గౌరీశ్వరిదే.

మొదటి వారంలో సాలూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు పుణ్యవతి, ఇరవై రెండేళ్లు, కానిస్టేబుల్ సెలక్షన్ పరుగులో రెండుసార్లు తప్పింది. కాళ్లలో బలం లేక తప్పలేదు. పరుగెడుతుంటే మైదానం అంచున నిలబడ్డవాళ్లు నవ్వారు, సగం దారిలో ఆగిపోయింది. ఆపరేషన్‌కు తేదీ తీసుకుంది. చున్నీ రెండు మడతలు వేసి, భుజాలు ముందుకు వంచుకుని, కుర్చీ అంచున కూర్చుంది. గౌరీశ్వరి చెప్పినదంతా తల దించుకుని వింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"మచ్చ పోతాదా అక్కా?"

"పోదమ్మా."

అమ్మాయి ముఖం వాడిపోయింది. చేతిలోని చున్నీ కొసను ముడి వేసి, విప్పి, మళ్లీ ముడి వేసింది. "మా అమ్మ అదే అంతాది. కోసినాక జన్మంతా కనిపిత్తాదంతాది. ఎలగుంతాదో ఏటో, తలుచుకుంతేనే బయ్యమేత్తాది."

గౌరీశ్వరి లేచి గది తలుపు గడియ పెట్టింది. కిటికీ తెర లాగింది. తిరిగొచ్చి అమ్మాయి ఎదురుగా కూర్చుని, జాకెట్టు హుక్కులు ఒక్కొక్కటే తీసింది. తీస్తుంటే ఆమె చెవులు వేడెక్కాయి. సిగ్గు లేక తీయలేదు, సిగ్గుతోనే తీసింది. భర్తకూ అత్తగారికీ డాక్టర్లకూ తప్ప ఎవరికీ చూపించని ఒళ్లు అది.

పుణ్యవతి మొదట పక్కకు చూసింది. ఆ తర్వాత తిన్నగా చూసింది. గుండ్రటి గీత, నిలువు గీత, అడుగున వంపు గీత.

"నొప్పెడతాదా?"

"లేదు. వాన పట్టే ముందు కాస్త దురద, అంతే. ముట్టుకుని చూడు, పర్లేదు."

అమ్మాయి చున్నీ వదిలేసి చెయ్యి చాపింది. చూపుడు వేలితో నిలువు గీతను పై నుంచి కింది దాకా మెల్లగా తడిమింది. ఏదో గట్టిగా, భయపెట్టేలా తగులుతుందనుకుంది. ఏమీ తగలలేదు. మెత్తటి చర్మం, దాని మీద మెత్తటి గీత. ఆ వేలు మళ్లీ పైకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"ఇంతేనా అక్కా!" అని ఆ అమ్మాయి భళ్లున ఏడ్చేసింది. ఏడుస్తూనే కుర్చీలో వెనక్కి వాలి, వచ్చినప్పటి నుంచీ ముందుకు వంచుకుని ఉన్న భుజాలు రెండూ వెనక్కి విరిచి నిటారుగా కూర్చుంది. గౌరీశ్వరికీ ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.